ఎల్‌ఎస్ ఇంజిన్‌కి వాల్వ్ స్ప్రింగులు: బడ్జెట్‌లో ఎక్కువ కాలం నిలిచేవి ఏవి?

వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ (కామ్) ఎంచుకోవడానికి నెలల తరబడి వీడియోలు చూసేవాళ్ళు కూడా వాటిని తిరిగి మూసే స్ప్రింగుల దగ్గరికి వచ్చేసరికి షాపువాడు ఏది చెబితే అది కొనేస్తారు. లేదంటే "గట్టిది కొంటే గొడవ ఉండదు కదా" అని అన్నిటికంటే బలమైన సెట్ ఆర్డర్ పెడతారు. రెండూ తప్పే. మెత్తని స్ప్రింగ్ ఇంజిన్‌ని పాడుచేస్తుందని అందరికీ తెలుసు. అవసరానికి మించి గట్టిగా ఉన్నదీ పాడుచేస్తుంది, కాకపోతే కొంచెం నెమ్మదిగా.

ఈ పోలికకు జనరల్ మోటార్స్ వాళ్ళ ఎల్‌ఎస్ ఇంజిన్‌ని తీసుకుంటున్నాను. 1997 కార్వెట్‌లో ఎల్‌ఎస్1గా వచ్చి, 1999 నుంచి 4.8, 5.3, 6.0 లీటర్ల రూపాల్లో ట్రక్కుల్లోకి దిగిన కుటుంబం ఇది. అమెరికాలో జంక్‌యార్డ్‌కి వెళ్తే సులువుగా దొరికే వీ8. అక్కడ స్థిరపడిన మనవాళ్ళలో పాత కెమారోనో సిల్వరాడోనో కొని గ్యారేజ్‌లో పెట్టుకుని, వీకెండ్ వస్తే చేతులకు గ్రీజు పూసుకునేవాళ్ళు సాధారణంగా మొదలుపెట్టేదీ దీనితోనే. సిలిండర్‌కి రెండు చొప్పున 16 వాల్వులు, కాబట్టి 16 స్ప్రింగులు.

## ముందు చూడాల్సినవి

లిఫ్ట్. కామ్ వాల్వ్‌ని ఎంత దూరం తెరుస్తుందో అది లిఫ్ట్. ఎల్‌ఎస్ హెడ్‌లో, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగంలో, వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు స్ప్రింగ్ పొడవు, అంటే ఇన్‌స్టాల్డ్ హైట్, మామూలుగా 1.800 అంగుళాలు. కామ్ లిఫ్ట్ 0.600 అయితే పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ 1.200కి నొక్కుకుంటుంది. ఆ స్ప్రింగ్ చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని గట్టిపడే కొలత, అదే కాయిల్ బైండ్, 1.100 అనుకోండి. మధ్యలో మిగిలేది 0.100. కనీసం 0.050 నుంచి 0.060 అంగుళం మిగలాలి. సున్నాకి దగ్గరపడితే కామ్ కదలికను పైకి మోసే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగుతుంది. ఆ కదలికను వాల్వ్ మీదికి మళ్ళించే మీట, అంటే రాకర్, విరుగుతుంది. అలాగని మరీ ఎక్కువ ఖాళీ ఉండటం కూడా గొప్పేం కాదు. చుట్లు బాగా దగ్గరకొచ్చే స్ప్రింగ్‌లో లోపలి కంపనం త్వరగా అణిగిపోతుంది.

ప్రెషర్. ఇందులో రెండు అంకెలు. వాల్వ్ మూసి ఉన్నప్పుడు నొక్కే బలం సీట్ ప్రెషర్. పూర్తిగా తెరిచినప్పటిది ఓపెన్ ప్రెషర్. కామ్ లోబ్ (కామ్ మీది ఉబ్బు) వాలు దిగుతున్నప్పుడు లిఫ్టర్ (లోబ్ మీద నడిచి పుష్‌రాడ్‌ని నెట్టే ముక్క) దాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉండాలంటే ఓపెన్ ప్రెషర్ చాలాలి. వాల్వ్ సీటు మీద పడి ఎగరకుండా ఉండాలంటే సీట్ ప్రెషర్ చాలాలి. కావాల్సిన బలం ఆర్‌పీఎమ్ వర్గం (స్క్వేర్)తో పాటు పెరుగుతుంది. 6000 నుంచి 7000కి వెళ్తే ఆర్‌పీఎమ్ పెరిగింది ఆరో వంతే, స్ప్రింగ్ మీద భారం మాత్రం 36 శాతం పెరిగింది. "ఇంకో ఐదొందలు తిప్పుదాం" అనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

టర్బో పెట్టినవాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. ఇన్‌టేక్ వాల్వ్ వెనక బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) నిలబడి దాన్ని తెరవాలని చూస్తుంది. 2.00 అంగుళాల వాల్వ్ వైశాల్యం సుమారు 3.14 చదరపు అంగుళాలు. 10 పీఎస్ఐ బూస్ట్‌కి 31 పౌండ్లు అలా పోయినట్టే. స్ప్రింగ్ 90 పౌండ్లదైతే చేతిలో మిగిలేది 59.

అలసట. నగరంలో సగటున 2000 ఆర్‌పీఎమ్ దగ్గర గంటకు 50 కిలోమీటర్లు నడిచే బండిలో లక్ష కిలోమీటర్లకి ఒక్కో స్ప్రింగ్ 12 కోట్ల సార్లు నొక్కుకుంటుంది. తీగలో కంటికి కనబడని మలినం, పైన చిన్న గీత, తుప్పు చుక్క, ఏదో ఒకటి పగులుకు మొదలవుతుంది. అందుకే మంచి స్ప్రింగులకు శుభ్రత ఎక్కువున్న క్రోమ్ సిలికాన్ తీగ వాడతారు, చిన్న గుళ్ళతో కొట్టి ఉపరితలాన్ని గట్టిపరుస్తారు. దాన్నే షాట్ పీనింగ్ అంటారు. ఖరీదైనవాటికి నైట్రైడింగ్ (నత్రజనితో ఉపరితలాన్ని గట్టిపరచడం) కూడా చేస్తారు. మన్నిక అంటే ప్రధానంగా ఇదే. బలం కాదు.

మొత్తం ఖర్చు. స్ప్రింగ్ ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. కొన్ని రకాలకు కొత్త రిటైనర్లు (స్ప్రింగ్ పైన కూర్చునే మూతలు), కొత్త సీల్స్ (వాల్వ్ కాడ దగ్గర ఆయిల్ ఆపేవి), అడుగున స్ప్రింగ్ కూర్చునే కొత్త సీట్లు కావాలి. కొన్ని పాత సామానుతోనే కూర్చుంటాయి. బిల్లు తేడా అక్కడే వస్తుంది.

## ఒక్క చూపులో

| రకం | సీట్ ప్రెషర్, 1.800 దగ్గర | లిఫ్ట్ పరిమితి | వేరే సామాను | 16కి ఉజ్జాయింపు ఖర్చు |
|---|---|---|---|---|
| ఎల్‌ఎస్1, ట్రక్కు ఒరిజినల్ | సుమారు 76 పౌండ్లు | 0.500 పరిసరాల్లో | ఏమీ లేదు | బండితోనే వచ్చాయి |
| ఎల్‌ఎస్6 కంపెనీ స్ప్రింగ్ | సుమారు 90 పౌండ్లు | 0.550 | ఏమీ లేదు | 100 డాలర్ల లోపు |
| డ్రాప్-ఇన్ బీహైవ్ | సుమారు 125–130 పౌండ్లు | 0.600 | రకాన్ని బట్టి, తరచుగా ఏమీ లేదు | 150–200 డాలర్లు |
| డ్యూయల్ కిట్ | సుమారు 140–155 పౌండ్లు | 0.650 పైన | రిటైనర్లు, సీల్స్, సీట్లు | 250–400 డాలర్లు |

ధరలు షాపుని బట్టి, డిస్కౌంట్ సీజన్‌ని బట్టి మారతాయి. ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే చూడండి.

## ఎల్‌ఎస్6 స్ప్రింగ్: తక్కువ ధర, చెప్పుకోదగ్గ మన్నిక

2001లో వచ్చిన కార్వెట్ జీ06 కోసం చేసిన ఎల్‌ఎస్6 ఇంజిన్‌ది ఈ స్ప్రింగ్. 2002 నుంచి 2004 దాకా ఆ ఇంజిన్ కామ్ లిఫ్ట్ 0.551, 0.547. రెడ్‌లైన్, అంటే ఇంజిన్‌ని తిప్పగల గరిష్ఠ ఆర్‌పీఎమ్, 6500. కంపెనీ దాన్ని వారంటీతో అమ్మింది కాబట్టి ఆ హద్దుల్లో ఉన్నంతకాలం స్ప్రింగ్‌కి టెన్షన్ లేదు. మీ 5.3 ట్రక్కు ఇంజిన్‌లో 0.550 లోపు లిఫ్ట్ ఉన్న చిన్న కామ్ వేసి, ఆరువేల పైచిలుకు దగ్గర గేరు మార్చేస్తే ఇది చాలు. పాత రిటైనర్లు, లాకులు (రిటైనర్‌ని వాల్వ్ కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు), సీల్స్ అన్నీ అవే. ఈ స్ప్రింగులనే దృష్టిలో పెట్టుకుని గీసిన ట్రక్కు కామ్‌లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి.

ఇబ్బంది ఎక్కడంటే, ఇది మెత్తని లోబ్ కోసం చేసింది. లిఫ్ట్ 0.550 లోపే ఉన్నా లోబ్ వాల్వ్‌ని దబ్బున తెరిచి దబ్బున మూసేదైతే 90 పౌండ్లు నిలబడవు. లిఫ్ట్ అంకె ఒక్కటే చూసి "సరిపోతుంది" అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. కామ్‌తో పాటు వచ్చే కార్డు మీద స్ప్రింగ్ సిఫార్సు రాసి ఉంటుంది. కామ్ గీసినవాడికి ఆ లోబ్ సంగతి మనకంటే బాగా తెలుసు. నా మాట కంటే ఆ కార్డు మాటే వినండి.

## బీహైవ్: చాలామందికి సరైన సమాధానం

పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే తేనెతుట్టె ఆకారం. అసలు ఎల్‌ఎస్ ఒరిజినల్ స్ప్రింగులు కూడా బీహైవ్‌లే, మార్కెట్‌లో దొరికేవి వాటికి గట్టి అన్నదమ్ములు. పై భాగం చిన్నది కాబట్టి రిటైనర్ చిన్నది, తేలిక. కదిలే బరువు తగ్గితే తక్కువ ప్రెషర్‌తోనే ఎక్కువ ఆర్‌పీఎమ్ పట్టుకోవచ్చు. ఆకారం వల్ల ఇంకో లాభం ఉంది. ప్రతి స్ప్రింగ్‌కీ తనదైన కంపన వేగం ఉంటుంది. ఇంజిన్ దానికి జోడు కుదిరితే మధ్య చుట్లు వాటంతట అవే ఊగడం మొదలుపెడతాయి. కాగితం మీద 300 పౌండ్లున్న స్ప్రింగ్ కూడా ఆ క్షణంలో అంత బలం చూపదు. బీహైవ్‌లో చుట్ల వ్యాసం మారుతుంది కాబట్టి, నొక్కుకునేకొద్దీ ఆ వేగమూ మారుతుంది. ఊపు అందుకునేంత సమయం దొరకదు.

"సింగిల్ స్ప్రింగ్ రేసింగ్‌కి పనికిరాదు" అనేవాళ్ళకి ఎల్‌ఎస్7 చూపించాలి. 7.0 లీటర్లు, 1.8 రాకర్ నిష్పత్తి (రాకర్ కామ్ కదలికను అన్ని రెట్లు చేసి వాల్వ్‌కి ఇస్తుంది), 7000 రెడ్‌లైన్. కంపెనీ అందులో పెట్టింది సింగిల్ బీహైవే. కాకపోతే ఇన్‌టేక్ వాల్వులు టైటానియంవి. స్ప్రింగ్ గట్టిచేసే బదులు వాల్వ్ బరువు తగ్గించారు, అంతే.

ఈ రకంలో పీఏసీ వాళ్ళ 1218 స్ప్రింగ్ పేరు బాగా వినిపిస్తుంది. 1.800 దగ్గర సుమారు 130 పౌండ్లు, 0.600 లిఫ్ట్ దాకా, ఇంజిన్ ఒరిజినల్ రిటైనర్ల కిందే కూర్చుంటుంది. అంగుళానికి 313 పౌండ్ల రేటు అనుకుని లెక్కేస్తే 0.600 లిఫ్ట్ దగ్గర 318 పౌండ్ల చుట్టుపక్కల వస్తుంది. 0.585 లోపు లిఫ్ట్, 6600 లోపు ఆర్‌పీఎమ్, బూస్ట్ లేని రోడ్డు బండికి ఇంతకంటే ఎక్కువ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కామ్ 0.600 అంటే స్ప్రింగ్ పరిమితి కూడా 0.600 అని గీత మీద నడవొద్దు. కొంచెం వెసులుబాటు ఉంచుకోండి, అదే మన్నిక.

లోపం దాచనక్కర్లేదు. ఒక్కటే స్ప్రింగ్. అది విరిగితే వాల్వ్‌ని పట్టుకునేది ఇంకేమీ లేదు. వాల్వ్ సిలిండర్‌లోకి జారితే పిస్టన్, హెడ్, ఒక్కోసారి బ్లాకు కూడా పోతాయి.

## డ్యూయల్: అవసరమైనవాళ్ళకి తప్పదు, మిగతావాళ్ళకి భారం

ఒక స్ప్రింగ్ లోపల ఇంకోటి. చుట్లు ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా లోపలిది ఎదురు దిక్కుకు చుడతారు. రెండిటి కంపన వేగాలు వేరు కాబట్టి ఒకటి ఊగితే రెండోది అణిచే అవకాశం ఉంటుంది. బయటిది విరిగినా లోపలిది వాల్వ్‌ని పట్టుకుని ఇంటిదాకా చేర్చవచ్చు. డ్యూయల్ అమ్మేవాళ్ళు ఎప్పుడూ చెప్పేది ఈ చివరి మాటే, అది నిజమే కూడా.

కానీ బిల్లు చూడండి. ఎల్‌ఎస్‌లో ఒరిజినల్ సీల్, స్ప్రింగ్ సీటు కలిపి ఒకే ముక్క. లోపలి స్ప్రింగ్‌కి అది అడ్డం. కాబట్టి వేరే సీల్స్, వేరే సీట్లు, పెద్ద రిటైనర్లు కావాలి. పెద్ద రిటైనర్ బరువు, అందుకని టైటానియం అంటారు, అక్కడ ఇంకో వంద డాలర్లు. ఓపెన్ ప్రెషర్ 380–400 పౌండ్లకు చేరితే ఒరిజినల్ రాకర్లలోని సూది బేరింగుల గురించి ఆలోచించాలి. వాటికి సూదులను పట్టి ఉంచే కేజ్ ఉండదు. గట్టి స్ప్రింగ్‌తో ఎక్కువ తిప్పితే ఆ సూదులు బయటికొచ్చి ఆయిల్‌లో తిరుగుతాయి. అందుకే డ్యూయల్ వేసేవాళ్ళు ట్రనియన్ కిట్ (రాకర్‌లోని ఆ బేరింగులను మార్చే సామాను) కూడా వేస్తారు, గట్టి పుష్‌రాడ్లు కూడా. హైడ్రాలిక్ లిఫ్టర్‌కీ ఒక ఓపిక ఉంటుంది. మామూలు వీధి లిఫ్టర్‌ని 400 పౌండ్లు దాటించడం తెలివైన పని కాదు.

పుష్‌రాడ్ల గురించి ఒక చిన్న మాట. గట్టి పుష్‌రాడ్ బరువు ఎక్కువని కొందరు వెనకాడతారు. రాకర్ నిష్పత్తి 1.7 కాబట్టి పుష్‌రాడ్ వైపు ఒక గ్రాము, వాల్వ్ వైపు దాదాపు 0.35 గ్రాముకి సమానం. అక్కడ గట్టిదనం ముఖ్యం, బరువు కాదు. వాల్వ్, రిటైనర్ వైపు మాత్రం ప్రతి గ్రామూ లెక్కలోకి వస్తుంది.

కోనికల్ అని ఇంకో రకం ఉంది, అడుగు నుంచి పైదాకా నేరుగా సన్నబడేది. బీహైవ్ గుణాలే ఇంకొంచెం ఎక్కువ. దానికి తగ్గ రిటైనర్ దొరికి, ధర కుదిరితే తీసుకోవచ్చు. దాని కోసమే వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు.

## పేరులేని చౌక సెట్లు

ఆన్‌లైన్‌లో డ్యూయల్ కిట్, టైటానియం రిటైనర్లతో సహా నమ్మలేని ధరకు కనబడుతుంది. ఫోటో బాగుంటుంది. 1.800 దగ్గర ఎంత, కాయిల్ బైండ్ ఎంత, తీగ ఏమిటి అంటే జవాబుండదు. ఉన్నా "0.650 లిఫ్ట్" అన్న ఒక్క ముక్కే. వాటిలో మంచివి ఉండవని కాదు. 16 స్ప్రింగుల్లో 15 బాగుండి ఒకటి చెడినా ఇంజిన్ పోతుంది, సగటు నాణ్యతతో ఇక్కడ పని జరగదు. జంక్‌యార్డ్ హెడ్ మీది పాత స్ప్రింగుల విషయమూ అంతే. ఎన్ని కోట్ల సార్లు నొక్కుకున్నాయో ఎవరికీ తెలియదు. వాన నీరు తగిలి తుప్పు చుక్క పడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కొన్నవాటిని పరీక్షించడం సులువే. షాపులో స్ప్రింగ్ టెస్టర్ ఉంటే 16 స్ప్రింగులనూ 1.800కి నొక్కి చూడండి. అన్నీ ఒకదానికొకటి కొద్ది పౌండ్ల తేడాలో ఉండాలి. ఒకటి 128, ఇంకోటి 112 చూపిస్తే సెట్ వెనక్కి పంపేయండి.

## మీరు ఏ బాపతు?

రోజూ ఆఫీసుకి వెళ్ళే ట్రక్కు, చిన్న కామ్, మంచి సౌండ్ చాలు అనుకుంటే ఎల్‌ఎస్6 స్ప్రింగ్ తీసుకోండి. మిగిలిన డబ్బుతో కొత్త లిఫ్టర్లు వేసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే పాత ట్రక్కు ఇంజిన్లలో ముందు అలిసిపోయేవి అవే.

వీకెండ్ కారు, 0.560 నుంచి 0.590 మధ్య కామ్, అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్ (నేరుగా సాగే పొట్టి పందెం దారి) అయితే బీహైవ్. ఇక్కడ డ్యూయల్ వేయమని ఫ్రెండ్స్ ఒత్తిడి పెడతారు. ఏడాదికి నాలుగు సార్లు స్ట్రిప్‌కి వెళ్ళే కారులో మిగతా రోజులన్నీ ఆ అదనపు బలాన్ని రాకర్లూ లిఫ్టర్లూ మోస్తాయి.

0.600 దాటిన కామ్, 6800 పైన తిప్పేవాళ్ళు డ్యూయల్‌కే వెళ్ళాలి. కిట్‌తో పాటు ట్రనియన్లు, పుష్‌రాడ్ల ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి. దానికి డబ్బు సరిపోకపోతే కామ్ ఒక మెట్టు తగ్గించుకోవడం మేలు. పెద్ద కామ్, చాలీచాలని స్ప్రింగ్ కలిస్తే చిన్న కామ్ ఇంజిన్ చేతిలో ఓడిపోతుంది. 6200 దగ్గర వాల్వులు ఎగరడం మొదలుపెట్టాక పైన ఎంత పవర్ ఉన్నా అందదు.

టర్బో సంగతి కాస్త వేరు. ఆర్‌పీఎమ్ తక్కువే ఉండొచ్చు, లిఫ్ట్ కూడా చిన్నదే ఉండొచ్చు. అయినా పైన చెప్పిన బూస్ట్ లెక్క వల్ల సీట్ ప్రెషర్ కావాలి. 8–10 పీఎస్ఐ దాకా మంచి బీహైవ్ నెట్టుకొస్తుంది. 15 పీఎస్ఐ అనుకుంటే వాల్వ్ వెనక 47 పౌండ్లు. అక్కడ డ్యూయల్ తీసుకోవడంలో అనుమానం అక్కర్లేదు. ఎల్‌ఎస్3 తరహా హెడ్ అయితే ఇన్‌టేక్ వాల్వ్ 2.165 అంగుళాలు, ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

రోడ్ కోర్స్ (మలుపులున్న) ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు స్ట్రిప్‌వాళ్ళ సలహా వినకూడదు. పది సెకన్లు తిప్పడం వేరు, ఇరవై నిమిషాలు ఆగకుండా పైనే ఉంచడం వేరు. ఆ వేడికి స్ప్రింగ్ మెత్తబడుతుంది. ఇక్కడ తీగ నాణ్యతకే డబ్బు పెట్టండి. ప్రతి సీజన్ చివర ప్రెషర్ చూడండి. కొత్తలో ఉన్నదానికంటే పది శాతం పడిపోతే సెట్ మార్చే సమయం వచ్చినట్టే. అందుకే కొత్తలో కొలిచి ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. పోల్చడానికి ఆ అంకె లేకపోతే తర్వాత ఎంత కొలిచినా లాభం లేదు.

## బిగించేటప్పుడు

పెట్టె మీది ప్రెషర్ 1.800 దగ్గర లెక్క. మీ హెడ్‌లో వాల్వ్ సీట్లు ఒకసారి కోసి ఉంటే వాల్వ్ లోపలికి దిగి, కాడ పైకి వస్తుంది. ఇన్‌స్టాల్డ్ హైట్ 1.830 కావచ్చు. 313 రేటున్న స్ప్రింగ్‌కి ఆ 0.030 అంగుళం అంటే 9 పౌండ్లు పోయినట్టు. అడుగున 0.030 షిమ్ (పలుచని వాషర్) వేస్తే మళ్ళీ 1.800. షిమ్ ధర కాఫీ ధర కంటే తక్కువ. అందుకే ప్రతి వాల్వ్ దగ్గరా హైట్ మైక్రోమీటర్ పెట్టి కొలవాలి. రిటైనర్ అడుగుకీ సీల్ పైభాగానికీ మధ్య పూర్తి లిఫ్ట్ దగ్గర 0.050 ఖాళీ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

హెడ్ దించకుండా కూడా మార్చొచ్చు. ఎల్‌ఎస్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-7-2-6-5-4-3. ఒకటో పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆరోది కూడా పైనే ఉంటుంది. ఆ రెండు సిలిండర్ల స్ప్రింగులు మార్చి క్రాంక్‌ని 90 డిగ్రీలు తిప్పితే 8, 5 వస్తాయి. తర్వాత 7, 4. చివర 2, 3. పిస్టన్ పైన ఉంటే వాల్వ్ జారినా దాని మీద ఆగుతుంది. ప్లగ్ రంధ్రం నుంచి గాలి పట్టిస్తే అసలు జారదు. గాలి పట్టించే ముందు క్రాంక్ తిరగకుండా ఆపుకోండి, లేకపోతే పిస్టన్ కిందికి పోతుంది. లాకులు తీసే ముందు హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. వేలిగోరంత లాక్ అందులో పడితే ఆయిల్ పాన్ దించాల్సిందే.

స్ప్రింగ్‌ని ప్లయర్స్‌తో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ పట్టొద్దు. ఆ గీత దగ్గరే రేపు పగులుతుంది. నూనె రాసి బిగించండి. మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కేదాకా తక్కువ ఆర్‌పీఎమ్‌లో నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. రెడ్‌లైన్ ముచ్చట ఆ తర్వాతే.